సీసాపై అంకె, సీసాలోని విషం
ఇంట్లో కలిపే నికోటిన్ ద్రవాల బలాన్ని గురించి

పొగాకు కషాయం తెలియని తెలుగు రైతు అరుదు. పొగాకు కాడలను నీళ్లలో మరిగించి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలిపి పేనుబంక పట్టిన పైరుపై పిచికారీ చేయడం పల్లెల్లో ఎంతోకాలంగా ఉన్న వాడుక. ఆ కషాయంలో పురుగును చంపేది నికోటిన్. వర్జీనియా పొగాకు పండే ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల నుండి చెన్నైకి వచ్చినవారికి మరొక సంగతి కూడా అనుభవమే. మంచుకు తడిసిన పచ్చి ఆకు కోసినవారికి తల తిరగడం, వాంతులు, నీరసం కలుగుతాయి. ఆకులోని నికోటిన్ తడితోపాటు చర్మం గుండా ఒంటిలోకి దిగడమే దీనికి కారణం. నోట వేసుకోనక్కరలేదు, పొగ పీల్చనక్కరలేదు; చేతికి అంటితే చాలు. నికోటిన్ సల్ఫేటు అనే పురుగుమందును పొలాల్లో వాడరాదని మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఎగుమతి కోసం తయారుచేయడానికి మాత్రమే అనుమతి మిగిలింది.

ఎలక్ట్రానిక్ సిగరెట్టులో పోసే ద్రవానికి ప్రాణం ఆ నికోటినే. ఆ ద్రవంలో నాలుగే వస్తువులు ఉంటాయి: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యం, నికోటిన్. మొదటి రెండూ నూనెలా జారే తియ్యని ద్రవాలు. అవే వేడెక్కి పొగ వంటి ఆవిరిని పుట్టిస్తాయి. మామిడి, పుదీనా, ద్రాక్ష వాసనలు మూడవదాని పని. నాలుగవదాని పాళ్లు తప్పితే మాత్రం ప్రమాదం. దుకాణాలలో దొరకనందున గాని, చవక అని గాని, కొందరు గాఢ నికోటిన్ ద్రవాన్ని ఏదో ఒక దారిన తెప్పించుకొని వంటింట్లోనే కలుపుకొంటున్నారు. అలా కలిపిన దానిలో నికోటిన్ ఎంత ఉన్నదో కలిపినవారికైనా తెలుసా అన్నది ఇక్కడి ప్రశ్న.

అంకెలో ఉన్న మెలిక

ఈ ద్రవం బలాన్ని రెండు విధాలుగా రాస్తారు. ఒకటి మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అని, రెండవది శాతంగా. 3 అని రాసినచోట దాని పక్కనున్న గుర్తును చూడకపోతే లెక్క పదింతలు తప్పుతుంది. 3 శాతమంటే మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాములు. 3 మిల్లీగ్రాములంటే 0.3 శాతమే. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న గాఢ ద్రవంతో, మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములుండేలా 100 మిల్లీలీటర్ల ద్రవం తయారుచేయాలంటే గాఢ ద్రవం 3 మిల్లీలీటర్లు చాలు. శాతమని పొరబడితే 30 మిల్లీలీటర్లు పోస్తారు. రంగు మారదు, వాసన మారదు, సీసా నిండుదనమూ మారదు.

కొలత ఎంతటిదో తెలియాలంటే సాధారణ సిగరెట్టుతో పోల్చి చూడాలి. ఒక సిగరెట్టులోని పొగాకులో దాదాపు 10 మిల్లీగ్రాముల పైచిలుకు నికోటిన్ ఉంటుంది. చాలావరకు కాలిపోగా, పక్కకు పోగా, తాగేవాని ఒంటికి చేరేది 1 మిల్లీగ్రాము, మహా అయితే 2. పైన చెప్పిన గాఢ ద్రవం ఒక చెంచాలో, అంటే 5 మిల్లీలీటర్లలో, ఉండేది 500 మిల్లీగ్రాములు. పెద్దవారి ప్రాణం తీసే నికోటిన్ మోతాదు 60 మిల్లీగ్రాములని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. ఆ అంకెకు పునాది బలహీనమని, మింగినప్పుడు అసలు మోతాదు 500 మిల్లీగ్రాములకు పైనే ఉంటుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త బెర్న్‌డ్ మాయర్ 2014లో వాదించారు. ఈ సవరణను చూసి ఊరట చెందినవారు మరొక లెక్క కూడా చేసుకోవాలి. 70 కిలోల మనిషికి 500 మిల్లీగ్రాములంటే కిలోకు 7 మిల్లీగ్రాములు. 10 కిలోల పసిబిడ్డకు అది 70 మిల్లీగ్రాములు. గాఢ ద్రవంలో అంత నికోటిన్ ఒక్క మిల్లీలీటరుకు లోపలే ఉంటుంది.

ఐరోపా సమాఖ్య దేశాలలో ఈ ద్రవాన్ని అమ్మడానికి అనుమతి ఉన్నా, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదని, నింపుడు సీసా 10 మిల్లీలీటర్లకు మించరాదని పరిమితి పెట్టారు. అమెరికాలో 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పసివాడు ఇంట్లో ఉన్న ద్రవ నికోటిన్ తాగి మరణించాడు. పిల్లలు తెరవలేని మూతలను తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం ఆ తరువాతే వచ్చింది. అదే దేశంలో మరొక ఉదంతాన్ని 2017లో ఒక వైద్యపత్రిక ప్రచురించింది. ఇంట్లో కలుపుకోవడానికి తెప్పించిన నికోటిన్ ద్రవాన్ని జ్వరం మందు ఖాళీ సీసాలో పోసి ఉంచారు. ఆరేళ్ల బాలికకు మందు అనుకొని అందులోనిదే పట్టించారు. ఆ పాపకు కృత్రిమ శ్వాస పెట్టవలసి వచ్చింది, అదృష్టవశాత్తు కోలుకున్నది. మిగిలిన ద్రవాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే మిల్లీలీటరుకు 70 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నట్టు తేలింది. వ్యాసర్పాడిలోనో, పాత వన్నారపేటలోనో ఒకే గదిలో వంటా, పడకా, మందుల డబ్బా అన్నీ అమరిన ఇంట్లో ఏ సీసా ఏ సీసా పక్కన ఉంటుందో చెప్పనక్కరలేదు.

రంగు, రుచి, గొంతు మంట

బలాన్ని కంటితో పోల్చుకోవచ్చునని కొందరి నమ్మకం. ముదురు రంగు ద్రవం గాఢమైనదని, తెల్లనిది పలుచనిదని అనుకుంటారు. నిజానికి స్వచ్ఛమైన నికోటిన్‌కు దాదాపు రంగు లేదు. గాలి, వెలుతురు సోకితే అది గోధుమరంగుకు తిరుగుతుంది. అంటే ముదురు రంగు పాతదనానికి గుర్తు గాని బలానికి కాదు. పైగా వెనిలా వంటి సువాసన ద్రవ్యాలు తమ రంగును తాము చేరుస్తాయి.

గొంతులో కలిగే మంటను బట్టి చెప్పడం మరొక పద్ధతి. నికోటిన్ స్వతహాగా క్షారగుణం కలది, సున్నంలా గొంతును గీరుతుంది. అయితే ఇటీవలి ద్రవాలలో దానికి బెంజోయిక్ ఆమ్లం వంటి ఆమ్లాన్ని చేర్చి లవణంగా మారుస్తున్నారు. సున్నం మీద నిమ్మరసం పిండితే ఘాటు చచ్చినట్టే, గొంతు మంట తగ్గిపోతుంది. నికోటిన్ మాత్రం ఎక్కడికీ పోదు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములున్న లవణ ద్రవం 6 మిల్లీగ్రాముల సాదా ద్రవంలా మెత్తగా తోచవచ్చు.

ఇక రసాయనికంగా కొలిచే ఇంటి పద్ధతి ఒకటి ఉన్నది. విదేశాలలో దీనికి పెట్టెలు కూడా అమ్ముతారు. దీని మూలసూత్రం ప్రతి తెలుగు ఇంట్లో తెలిసినదే. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు పచ్చన. క్షారం, ఆమ్లం ఎదురుపడినప్పుడు రంగు మారి సాక్ష్యం చెప్పే పదార్థాన్ని సూచిక అంటారు. నికోటిన్ పరీక్షలో ఈ సూచిక బ్రోమోథైమోల్ బ్లూ. క్షారంలో నీలంగా, ఆమ్లంలో పసుపుగా ఉంటుంది. ద్రవంలో దాన్ని వేస్తే నీలం తిరుగుతుంది. బలం ముందే తెలిసిన ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేస్తూ, నీలం పోయి పసుపు వచ్చేవరకు ఎంత ఆమ్లం పట్టిందో లెక్కిస్తారు. 0.1 నార్మల్ బలమున్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు 16.2 మిల్లీగ్రాముల నికోటిన్‌కు సమానం. 1 మిల్లీలీటరు నమూనాకు 1.5 మిల్లీలీటర్ల ఆమ్లం పట్టితే అందులో 24 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నదన్నమాట.

సూత్రం నిర్దుష్టమే. కాలేజీ ప్రయోగశాలలో బ్యూరెట్టుతో చేయించే పరీక్ష ఇదే. వంటింట్లో మాత్రం అది దారి తప్పిస్తుంది. గ్లిజరిన్ చిక్కని ద్రవం కాబట్టి సిరంజి గోడలకు అంటుకొని, 1 మిల్లీలీటరు అనుకున్నది తక్కువగా పడుతుంది. ఒక చుక్క ఆమ్లం అటూ ఇటూ అయితే దాదాపు 1 మిల్లీగ్రాము తేడా వస్తుంది. సీసాను సరిగా కుదపకపోతే పైభాగంలో ఒక బలం, అడుగున మరొక బలం ఉంటాయి. ఈ తప్పులన్నీ చిన్నవి. పెద్ద తప్పు లవణాల దగ్గర ఉంది. లవణ ద్రవంలోని నికోటిన్ అప్పటికే ఆమ్లంతో జతకట్టి ఉన్నది కాబట్టి సూచిక వేయగానే పసుపో, పసుపు కలిసిన ఆకుపచ్చో కనిపిస్తుంది. ఆమ్లం ఇంకా పోయకుండానే పరీక్ష ముగిసిపోతుంది; ఫలితం సున్నాకు దగ్గర. అది చూసి ద్రవంలో బలం లేదనుకొని మరింత నికోటిన్ పోసేవారి గతి ఊహించవచ్చు. పరీక్ష తప్పుచెప్పడమే చెడ్డది, ప్రాణాపాయం వైపుకు తప్పుచెప్పడం మరీ చెడ్డది. ఇదిగాక, ఈ పరీక్ష క్షారాన్ని కొలుస్తుంది గాని నికోటిన్‌ను గుర్తుపట్టదు. సీసాలో వేరొక క్షారం ఏదైనా ఉంటే దాన్నీ నికోటిన్ ఖాతాలోనే జమకడుతుంది.

ప్రయోగశాల ఏమి చేస్తుంది

నికోటిన్‌ను విడిగా గుర్తుపట్టి తూచే విద్యకు ఒక హత్య కేసు పుట్టినిల్లు. 1850లో బెల్జియంలో బొకార్మే అనే జమీందారు ఆస్తి కోసం బావమరిదికి విషం పెట్టాడు. ఆ విషం కొన్నది కాదు. పొగాకు ఆకుల నుండి తన కోటలోనే తాను దించుకొన్న నికోటిన్. మొక్కల నుండి వచ్చే విషాలను శవంలో కనిపెట్టడం అసాధ్యమని ఆనాటి పండితుల అభిప్రాయం. బ్రస్సెల్స్ రసాయన శాస్త్రవేత్త జాన్ స్టాస్ మృతుని అవయవాల నుండి నికోటిన్‌ను వేరుచేసి చూపాడు. హంతకునికి 1851లో మరణశిక్ష పడింది. స్టాస్ కనిపెట్టిన ఆ విధానాన్ని, తరువాత కొద్దిపాటి సవరణలతో, ఫోరెన్సిక్ విద్యార్థులకు నేటికీ బోధిస్తున్నారు. దానికి ఒక్క ఏడాది ముందు, 1849లో, మన దేశంలో మొట్టమొదటి రసాయన పరీక్షాధికారి ప్రయోగశాల మద్రాసులోనే వెలసింది. విషప్రయోగాల కేసులలో నమూనాలను పరీక్షించడమే దాని ముఖ్యమైన పని. నేటి తమిళనాడు ఫోరెన్సిక్ శాఖ దాని వారసురాలు.

ఇప్పటి పద్ధతి గ్యాస్ క్రొమటోగ్రఫీ. టి.నగర్ రంగనాథన్ వీధి పండుగ రద్దీలో ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మాంబళం స్టేషను దగ్గర నలుగురు కలిసి వీధిలోకి అడుగుపెట్టినా, ప్రతి దుకాణం ముందు ఆగేవారు వెనుకబడతారు. ఎక్కడా ఆగనివారు ముందుగా ఉస్మాన్ రోడ్డుకు చేరతారు. వేడిచేసిన అతి సన్నని పొడవాటి గొట్టంలోకి ద్రవాన్ని ఆవిరిగా పంపితే, అందులోని ఒక్కొక్క పదార్థం గొట్టం గోడలకు ఒక్కొక్క మేరకు అంటుకొని ఒక్కొక్క సమయంలో బయటపడుతుంది. నికోటిన్ వచ్చే సమయం ముందే తెలిసినదే కనుక దాన్ని మరొక పదార్థంగా పొరబడే అవకాశం తక్కువ. ఎంత పరిమాణంలో వచ్చిందో గొట్టం చివరనున్న పరికరం నమోదు చేస్తుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్టు ద్రవాలకు ఈ పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2019లో ఐ.ఎస్.ఓ. 20714 అనే ప్రమాణంగా వెలువరించింది. మన దేశంలో జాతీయ పొగాకు పరీక్షా ప్రయోగశాలలు నోయిడా, ముంబై, గువాహటి నగరాలలో ఉన్నాయి. అవి ప్రభుత్వ నియంత్రణ అవసరాలకు ఏర్పడినవి. ఇంటి సీసాను పట్టుకెళ్లి బలం చెప్పమని అడిగే చోట్లు కావు.

అసలు ఆ సీసా ఇంట్లో ఉండడమే చిక్కు. తమిళనాడు ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2018లోనే నిషేధించింది. కేంద్రప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న అత్యవసరాదేశం తెచ్చి, అదే ఏడాది డిసెంబరులో దాన్ని చట్టంగా మార్చింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, నిల్వ ఇవన్నీ నిషిద్ధం. నికోటిన్ లేని ద్రవం వాడే పరికరానికీ మినహాయింపు లేదు. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

తాగడాన్ని శిక్షించే విడి సెక్షను ఈ చట్టంలో లేదన్నది నిజమే. దాన్ని పట్టుకొని సొంతానికి కలుపుకుంటే తప్పేమిటని కొందరు వాదిస్తారు. కలపడం తాగడం కాదు, తయారీ. పరికరాన్ని గాని, దాని ఏ భాగాన్ని గాని తయారుచేసే ప్రక్రియలో ప్రతి ఉపప్రక్రియనూ చట్టం తన నిర్వచనంలో చేర్చింది. దుబాయి నుండో, సింగపూరు నుండో వచ్చే బంధువు పెట్టెలో తెచ్చిన సీసా దిగుమతి కిందికి వస్తుంది. స్నేహితుని కోసం ఇంకొక సీసా కలిపి ఇస్తే అది పంపిణీ. ఇంట్లో ఇప్పటికే ఉన్న నిల్వను సమీపంలోని అధీకృత అధికారికి అప్పగించాలని చట్టం చెబుతున్నది. సబ్ ఇన్‌స్పెక్టరు, ఆపై హోదా గల పోలీసు అధికారులు ఈ పనికి అధీకృతులు. ద్రవాన్ని మురుగు కాలువలో గాని, వీధి చెత్తలో గాని పారబోయరాదు. చెత్తను చేతులతో ఏరే పారిశుద్ధ్య కార్మికుని చర్మానికీ అది పచ్చి పొగాకు ఆకులాగే పనిచేస్తుంది.

ఒంటికి తగిలితే, నోట్లోకి పోతే

చర్మం మీద ఒలికితే తడిసిన బట్టలు వెంటనే విప్పివేసి, ఆ చోటును పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే అంతసేపు కన్నును నీటి ధార కింద ఉంచాలి. కడిగేవారు తమ చేతులకు ప్లాస్టిక్ సంచి అయినా తొడుక్కోవాలి.

మింగినప్పుడు లక్షణాలు చాలాసార్లు గంట లోపలే మొదలవుతాయి. మొదట వికారం, వాంతులు, నోట చొంగ, చెమటలు, ముఖం పాలిపోవడం, గుండెదడ, వణుకు. మోతాదు ఎక్కువైతే రెండవ దశలో గుండె వేగం పడిపోతుంది, కండరాలు సడలుతాయి, మూర్ఛలు రావచ్చు, ఊపిరి ఆగవచ్చు. మొదటి దశ తగ్గినట్టు కనిపించి బిడ్డ మెత్తబడి నిద్రపోతుంటే నెమ్మదించిందని సంతోషించరాదు. అది రెండవ దశకు ఆరంభం కావచ్చు.

విషం మింగినవారికి ఉప్పునీళ్లో, చింతపండు నీళ్లో పట్టి కక్కించడం పల్లెల అలవాటు. ఇక్కడ ఆ పని చేయరాదు. మూర్ఛ వచ్చేవేళ కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తుడిచి, స్పృహ తప్పితే ఎడమ పక్కకు ఒత్తిగిల్ల పడుకోబెట్టి, 108కి ఫోను చేయాలి. 2005లో హైదరాబాదులో మొదలైన అత్యవసర సేవ ఇదే నంబరుతో తమిళనాడు అంతటా పనిచేస్తున్నది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఉచితంగా సలహా ఇస్తుంది. పిల్లలకు ఎగ్మూరులోని ప్రభుత్వ బాలల ఆసుపత్రి, పెద్దలకు సెంట్రల్ ఎదుటనున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ సార్వత్రిక ఆసుపత్రి, ఉత్తర చెన్నై వారికి స్టాన్లీ ఆసుపత్రి దగ్గరివి.

సీసాను తప్పక వెంట తీసుకెళ్లాలి. నికోటిన్‌కు విరుగుడు మందు లేదు. ఊపిరి, గుండె నిలబెట్టుతూ విషం ఒంటి నుండి పోయేవరకు కాపాడడమే చికిత్స. చొంగ, చెమట, వాంతులు పురుగుమందు తాగినవారిలోనూ ఇలాగే ఉంటాయి కాబట్టి, చెప్పకపోతే వైద్యులు వేరొక విషాన్ని అనుమానించి విలువైన సమయం పోగొట్టుకొనే ప్రమాదం ఉంది. చట్టానికి భయపడి ఏదో తిన్నాడని దాటవేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తమిళం రాదన్న బెరుకు కూడా అక్కరలేదు. నికోటిన్ అన్న మాట తమిళంలోనూ అదే. సీసాపైనున్న అంకెను చూపుతూనే, ఇది ఇంట్లో కలిపినదని, ఆ అంకెను నమ్మవలసిన పని లేదని కూడా చెప్పాలి.

మానుకోదలచినవారికి మార్గాలు ఈ నగరంలోనే ఉన్నాయి. చుట్ట, అడ్డపొగ, ఖైనీ అలవాటున్న పెద్దలకూ ఇవి వర్తిస్తాయి. జాతీయ పొగాకు విమోచన సహాయవాణి 1800 11 2356కు ఫోను చేయడం ఉచితం. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పొగాకు మాన్పించే కేంద్రం ఉన్నది. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల దుకాణాలలో దొరుకుతుంది. ఔషధ చట్టం కింద లైసెన్సుతో తయారైనది కాబట్టి ఆ పొట్లంపై 2 అని ఉంటే లోపల ఉన్నదీ 2 మిల్లీగ్రాములే.